మే నెలలో క్రిస్మస్ చెట్టు

మా చిన్నప్పుడు నల్లగొండలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. ఇసుక నింపిన నూనెడబ్బాలో నిలబెట్టి, దూది తుంపులు అంటించి, మంచు కురిసిందని మురిసిపోయేవాళ్లం. జనవరిలో అది కాగు కింద మంటయ్యేది.

ఆ కొమ్మ మీది జాలితోనే నాలుగేండ్ల కింద నర్సరీలో క్రిస్మస్ చెట్టుగా అరకేరియా మొక్క కొన్నాను. దాని పుట్టిల్లు పసిఫిక్ దీవులు. 1774లో కెప్టెన్ కుక్ ఆ దీవుల్లో ఈ నిటారు మాన్లను చూసి, ఓడ స్తంభాలకు పనికొస్తాయని లెక్కలు వేసుకున్నాడట. సముద్రగాలికి అలవాటుపడ్డ జాతి, గుట్టల నడుమ మా చల్క నేలకొచ్చి పడింది. అమ్మ కుండీ చుట్టూ తిరిగి, "గిదేం చెట్టు బిడ్డా! కాయ లేదు, పువ్వు లేదు, నీడన్న లేకపాయె" అంది.

మొదటి మే నెలలోనే దాన్ని డాబా మీద మరిచిపోయాను. అట్టడుగు కొమ్మల వరుస గోధుమరంగుకు తిరిగి రాలిపోయింది. ఈ చెట్టుకు రాలిన వరుస మళ్లీ రాదు.

అప్పటినుంచి కొనబోయేవాళ్లకు ఒకటే చెప్తున్నాను: ఎత్తు చూడకండి, అడుగు చూడండి. కింది కొమ్మలు పచ్చగా ఉండాలి, కొన నిటారుగా ఉండాలి. గుబురుగా కనబడాలని ఒకే కుండీలో రెండు మూడు మొక్కలు గుచ్చుతారు, మొదలు తడిమి చూసుకోండి. ఇంటికి తెచ్చాక పొద్దుటెండ చాలు. వేలు దింపితే మట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్లు. వారానికోసారి కుండీని కాస్త తిప్పితే ఒకవైపు వాలదు. కొన మాత్రం కత్తిరించొద్దు, రూపం చెడుతుంది.

ఇక మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. ఆ బోరు నీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకునేది. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నాం. పోసేది అమ్మే.

పోయిన క్రిస్మస్‌కు బోసిపోయిన మొదలుకు ఎర్ర రిబ్బను చుట్టి, కాగితపు నక్షత్రాలు కట్టాం. బరువైనవి కడితే ఆ సన్నని కొమ్మలు వంగిపోతాయి.

చెట్టు డిసెంబరులోనే కొనండి. కాకపోతే మే నెలలో దాన్ని ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి.