శక్తిమాన్ తూటాలు

మా కంకిపాడు చుట్టుపక్కల పాత ఆసాముల ఇళ్లల్లో డబుల్ బ్యారెల్ తుపాకీ ఉందంటే ఒకప్పుడు అదో దర్జా. ఇప్పుడు ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాల్సిన సామాను. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, లెక్కింపు జూన్ 4న. అన్నాళ్లూ బీరువా ఖాళీయే.

తమాషా ఏంటంటే, అందులో వేసే తూటా చేసేదీ సర్కారే. పన్నెండు బోర్ తూటా తిరగేసి చూడండి, అడుగున ఇత్తడి మీద ‘కేఎఫ్’ అని గుద్ది ఉంటుంది. పుణె పక్కన ఖడ్కీలో 1869 నాటి ఫ్యాక్టరీది. సరుకు పేరు ‘శక్తిమాన్’ (టీవీలో గిరగిరా తిరిగేవాడు కాదండోయ్). 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలు చేశారు. ఖడ్కీ మ్యూనిషన్స్ ఇండియా కిందికెళ్లింది. అదీ కేంద్రానిదే.

చేసేదీ సర్కారే, ఎన్ని కొనుక్కోవచ్చో లైసెన్సులో రాసేదీ సర్కారే. నాకైతే ఇందులో తప్పేం కనపడదు. మొన్నమొన్నటిదాకా మన రాష్ట్రంలో మందు షాపులూ సర్కారే నడిపింది, ఎవరెన్ని తాగారో మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. తూటాకి ఆ పుస్తకం ఉంది. 2019లో చట్టం సవరించి మనిషికి మూడు తుపాకులన్నది రెండుకి దించారు కూడా.

వేటకి 1972 వన్యప్రాణి చట్టం పగ్గాలేసింది, 1991 సవరణతో అదీ పోయింది. కొల్లేరేమో 1999లో అభయారణ్యం అయిపోయింది. మరి ఈ తుపాకీ ఎందుకండీ బాబాయ్ గారూ అని మా వీధిలో ఒకాయన్ని అడిగితే, “రెన్యువల్ చేయించుకోడానికిరా” అన్నాడు.