సూదంటురాయి



సూది, అంటు, రాయి. ఈ మూడు మాటలను విడదీసి, ఇత్వసంధి చెప్పి, ‘సూదులను అంటించుకొనే రాయి’ అని అర్థం వ్రాయించడం నాకు ముప్పై యేళ్ళ అలవాటు. సంస్కృతంలో అది అయస్కాంతం, అనగా ఇనుమునకు ప్రియమైనది. మాటలు చక్కనివే. ఆ రాతిని నేను ఒక్కనాడైనా చూడలేదని మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

అప్పుడు మా బడి నెల్లూరు సముద్రతీరాన ఒక ఊళ్ళో ఉండేది. ఒకనాడు ఈ మాటే చెబుతుండగా, వేటకు పోయేవారింటి పిల్లవాడొకడు లేచి జేబులోనుండి కాగితపు పొట్లం తీశాడు. “అయ్యోరా, ఇది మా రేవుకాడ నల్లిసక. సూదంటురాయికి అంటుకుంటాది” అన్నాడు. తరగతి నవ్వింది. “వ్యాకరణం చెబుతుంటే ఇసుక తెస్తావా?” అని కసరి, ఆ పొట్లం కిటికీలోనుండి పారవేయించాను. ఆ యేడంతా వాడు నన్ను మరి ఏ ప్రశ్నా అడుగలేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు మనుమరాలు వచ్చింది. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, మైపాడు ఒడ్డున నల్లని చారమీద ఈడ్చింది. పైకి తీస్తే కవరుకు నల్లని నూగు మొలిచినట్లుంది! అది మాగ్నెటైటు, మూడు పాళ్ళ ఇనుప పరమాణువులకు నాలుగు పాళ్ళ ఆక్సిజన్ కలిసిన ఖనిజం. బరువులో 72 శాతం ఇనుమే. ప్రకృతిలో తానే అయస్కాంతమైన మాగ్నెటైటే సూదంటురాయి.

నల్లచార ఏర్పడే తీరు కూడ సులభమే. తెల్ల ఇసుక నీటికంటె సుమారు 2.65 రెట్లు బరువు, ఇది 5.2 రెట్లు. అల రెంటినీ ఒడ్డుకు విసురుతుంది. వెనుదిరిగేటప్పుడు బలం తగ్గి, తేలికదానినే లాగుకొని పోతుంది. నల్లగా ఉన్నదంతా మాగ్నెటైటు కాదు. టైటానియం కలిసిన ఇల్మనైటు మన చేతి అయస్కాంతానికి సరిగా లొంగక అక్కడే మిగులుతుంది.

ఈ రేణువుల పుట్టిల్లు సముద్రం కాదు, కొండలు. మైపాడుకు ఉత్తరాన ఊటుకూరు వద్ద కడలిలో కలిసే పెన్న నంది కొండల్లో పుట్టి, వానలెరుగని అనంతపురం, కడప సీమలు దాటి, గండికోట లోయను ఒరసికొంటూ దాదాపు 600 కిలోమీటర్లు వస్తుంది. ఆ ఎండుకొండల నల్లరాతి గోడల్లోను, గ్రానైటులోను ఈ ఖనిజం రేణువులుగా ఇమిడి ఉంటుంది. రాయి శిథిలమైనా రేణువు మిగిలి, వరదతో దిగి వస్తుంది. గాలికీ నీటికీ మరింత ఆక్సిజన్ పట్టినది ఎర్రని హెమటైటుగా మారుతుంది. మన జేగురుకు ఆ ఎరుపునిచ్చేది ఈ హెమటైటే.

“నీకెవరు చెప్పారు తాతయ్యా, ఇసుక అంటుకొంటుందని?” అన్నది మనుమరాలు.

“నా విద్యార్థి ఒకడు” అన్నాను.

వాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి. పేరు గుర్తుంది, ఇక్కడ వ్రాయను. ఎప్పుడైనా కనబడితే ఆ పొట్లం సంగతి నేనే ఎత్తాలి. తీరప్రాంతపు మిత్రులు మీ ఒడ్డున కూడ ఒకమారు అయస్కాంతం ఈడ్చి చూచి, ఏమి అంటుకొన్నదో వ్రాయగలరు.