కన్నది జీబ్రా, పొదిగింది బెంగాలీస్

తల్లిపిట్ట పోతే గుడ్లూ పోయినట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట! పొదగడం మొదలవని గుడ్డు చావదు, ఆగుతుంది. లోపల ప్రాణం ఉంటుంది, ఎదుగుదల ఉండదు. మరీ వేడీ మరీ చలీ తగలకుండా ఉంటే కొన్ని రోజులపాటు అలాగే ఆగగలదు. ఎవరో ఒకరు వచ్చి పొట్ట ఆనించి కూర్చున్నాకే లోపల పని మొదలవుతుంది. ఒక్క గ్రాము బరువుండే గుడ్డుకి ఇంత ఓపికా! ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

విజయవాడలో మా చిన్నమామయ్య మేడ మీద ఫించ్ పిట్టల్ని పెంచుతాడు. ఎక్కువగా జీబ్రా ఫించ్‌లే. ఆస్ట్రేలియా పిట్టలు, ఎర్ర ముక్కు, మగదానికి నారింజ రంగు బుగ్గలు, ఒళ్లంతా కలిపి పన్నెండు గ్రాములు. ఎన్నో తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న జాతి. (మన పొలాల్లో తిరిగే మునియాల్ని పట్టి పంజరంలో పెట్టడం మాత్రం నేరం. సంతలో ఎవరైనా అమ్మజూపితే కొనకండి.)

మొన్న చలికాలంలో ఒక ఆడపిట్ట కడుపులో గుడ్డు ఇరుక్కుని చనిపోయింది. మట్టి ముంతలో అప్పటికే నాలుగు గుడ్లున్నాయి. జీబ్రాలు రోజుకొక గుడ్డు పెడతాయి, మూడోదో నాలుగోదో పెట్టేదాకా గట్టిగా కూర్చోవు. ముందు పెట్టిన గుడ్లు వెనక పెట్టిన వాటికోసం ఆగుతాయన్నమాట, పిల్లలు కాస్త అటూ ఇటూగా ఒకేసారి బయటికి రావడానికి. పొదగడంలో ఆడా మగా వంతులేసుకుంటాయి. ఒంటరిగా మిగిలిన మగపిట్ట ముంతలోకి వెళ్తోంది, వస్తోంది, అరుస్తోంది. దానొక్కదానివల్ల అయ్యే పని కాదు.

"ఇంకేముంది మామయ్యా, పోయినట్టేగా" అన్నాను.

"ఎందుకు పోతాయే అమ్మడూ? పక్కింట్లో అమ్మానాన్నలున్నారుగా" అన్నాడు.

పక్కింటివాళ్లంటే బెంగాలీస్ ఫించ్ జంట. వీటి కథ ఒకటి చెప్పాలి. అడవుల్లో ఈ పిట్ట ఎక్కడా లేదు. నడుము మీద తెల్ల పట్టీ ఉండే మునియా ఒకటుంది, మన దక్షిణాదిలోనూ కనిపిస్తుంది. దాన్ని చైనా నుంచి జపాన్ తీసుకెళ్లి, సుమారు రెండున్నర శతాబ్దాలు సాకి సాకి ఈ జాతిని తయారు చేశారు. బాగా పొదిగేవాటినీ, పిల్లల్ని బాగా పెంచేవాటినీ ఏరుకుంటూ వచ్చారు. అంటే అమ్మతనం కోసమే ఎంచిన వంశం! అందుకే ప్రపంచంలో ఎక్కడ ఫించ్‌లు పెంచేవాళ్లున్నా ఇలాంటి అవసరానికి దీన్నే నమ్ముకుంటారు. రంగురంగుల గౌల్డియన్ ఫించ్ గుడ్లనీ దీని కిందే పెడుతుంటారు.

మామయ్య చూసిందల్లా తేదీలు. ఈ జంటా అప్పుడే గుడ్లు పెట్టడం ముగించి కూర్చుంది. వాటి గుడ్లూ వీటి గుడ్లూ ఒకటి రెండు రోజుల తేడాలో పిల్లలైతేనే మేలు. లేకపోతే ముందు పుట్టినవి బలిసి, వెనకవాటికి మేత అందనివ్వవు. ఆ జంట సొంత గుడ్ల మీద స్కెచ్‌పెన్‌తో చిన్న చుక్కలు పెట్టాడు. నాలుగు అనాథ గుడ్లనీ ప్లాస్టిక్ చెంచాతో ఒక్కొక్కటే ఎత్తి ఆ జంట ముంతలోకి జార్చాడు. అనుమానిస్తాయేమో, తోసేస్తాయేమో అని నేను ఊపిరి బిగబట్టాను. ఆడది ముంతలోకి దూరింది, ముక్కుతో గుడ్లని అటూ ఇటూ సర్దుకుంది, కూర్చుంది. అంతే! గూట్లో ఏముంటే అది నాదే అనుకునే ఆ మనసుని ఏమనాలో నాకు తెలియడం లేదు.

అయిదో రోజు చూసిందైతే జన్మలో మరచిపోను. గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు నిలబెట్టి, "దగ్గరికి రా" అన్నాడు మామయ్య. పెంకు గులాబీరంగులో వెలిగింది. వెడల్పు కొస దగ్గర గాలి గది, దాని కింద చిన్న ఎర్ర చుక్క, చుక్క నుంచి నలువైపులా పాకుతున్న సన్నటి రక్తనాళాలు. ఇంకా తేరిపార చూస్తే ఆ చుక్క కొట్టుకుంటోంది. గుండె! వారం కిందట చల్లగా పడి ఉన్న గుడ్డులో గుండె! ఒకటి మాత్రం ఖాళీగా వెలిగింది, అది కట్టని గుడ్డు. మిగతా మూడింటిలోనూ ఆ చుక్క కొట్టుకుంటూనే ఉంది.

రెండు వారాలు తిరక్కుండా మూడూ పిల్లలయ్యాయి. జీబ్రా పిల్ల నోరు తెరిస్తే అంగిట్లో నల్లచుక్కలు కనిపిస్తాయి, బెంగాలీస్ పిల్లల నోటి గుర్తులు వేరు. అయినా ఆ జంట తేడా చూపలేదు. నానబెట్టిన కొర్రలూ ఉడికించిన కోడిగుడ్డూ తిని, అందరి నోళ్లలోనూ ఒకేలా కక్కి పెట్టాయి.

అక్కణ్నుంచి నేను చదవడం మొదలుపెట్టాను, ఆశ్చర్యాలు ఆగడం లేదు. జర్మనీలో కాస్పర్స్ బృందం జీబ్రా గుడ్లని వేరే జీబ్రా గూళ్లకి మార్చి చూసి, 2017లో ఫలితాలు ప్రకటించింది. అప్పుడే పుట్టిన పిల్లకి వాసనలు చూపిస్తే, పొదిగిన తల్లి వాసనకంటే కన్నతల్లి వాసనకే ఎక్కువసేపు నోరు తెరిచి అడిగిందట! ఎన్నడూ చూడని తల్లి! పెంకు లోపలికి మాటలూ వెళ్తాయి. ఎండ 26 డిగ్రీలు దాటితే జీబ్రా అమ్మానాన్నలు పొదుగు చివరి రోజుల్లో గుడ్లకి ప్రత్యేకంగా ఒక కూత వినిపిస్తాయనీ, అది విన్న పిల్లలు వేడికి తగ్గట్టు చిన్న ఒళ్లుతో ఎదుగుతాయనీ 2016లో ఆస్ట్రేలియాలో మారియెట్, బుకానన్ చూపించారు.

పాట సంగతి ఇంకా పెద్దది. జీబ్రాల్లో పాడేది మగదే, అదీ నేర్చుకుని. ఇమ్మెల్మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బెంగాలీస్ జంటల కింద జీబ్రా పిల్లల్ని పెంచాడు. మగపిల్లలు పెంచిన తండ్రి పాటే పట్టుకున్నాయని 1969లో రాశాడు. పెద్దయ్యాక జతకోసం కూడా బెంగాలీస్ ఆడపిట్టల వైపే చూశాయి. అందుకే వీలుంటే జీబ్రా గుడ్లని జీబ్రాల కిందే పెట్టాలంటాడు మామయ్య. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆ రోజు మాత్రం వేరే దారి లేదు.

మూడింటిలో ఒకటే మగది, బుగ్గలకి నారింజ రంగు తిరుగుతోంది. సొంతంగా గింజలు ఒలుచుకోవడం రాగానే మూడింటినీ జీబ్రాల పంజరంలోకి మార్చాడు మామయ్య. కన్నతండ్రి అక్కడే ఉంది, బొమ్మ బూరలా రోజంతా పాడుతూనే ఉంటుంది. పిల్లది ఇప్పుడిప్పుడే గొణుగుతోంది. పాట స్థిరపడేది మూడో నెల దాటాకే. కన్నతండ్రి పాటే వస్తుందని మామయ్య పందెం కాశాడు. నేనేమో పెంచిన తండ్రి వైపు. వారానికోసారి ఆ గొణుగుడు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపమని చెప్పి వచ్చాను.