నాగా కాదు, సెలవు

మన తెలుగులో ‘సెలవు’ అన్నంత మర్యాద గల మాట మరొకటి లేదనుకుంటాను. పెద్దవారు నోరు విప్పితే ‘సెలవిచ్చారు’ అంటాం. చుట్టాల ఇంటినుంచి బయలుదేరుతూ ‘ఇహ సెలవిప్పించండి’ అంటాం. బళ్లో కుర్రవాడు పంతులుగారికి చీటీ రాస్తే ‘ఒక్కరోజు సెలవు దయచేయ ప్రార్థన’ అని రాస్తాడు. ఎటు తిప్పి చూసినా అందులో ఇచ్చేవారొకరు, చెయ్యి చాచేవారొకరు. ఇచ్చేవారి దయ, పుచ్చుకునేవారి ప్రాప్తం. ఈ మాటలోంచి దయను తీసేసి, దాని స్థానంలో లెక్క పెట్టవలసిన పని ఈమధ్య నా నెత్తిన పడింది. ఆ ముచ్చట చెబుతాను.

నేను కోరుకొండ దగ్గర ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాని. మిల్లులో డ్రైవరు, ఫిట్టరు, కాటా దగ్గర కుర్రాడు, కళ్లంలో ధాన్యం ఆరబోసే ఆడవాళ్లు, అందరూ కలిసి ముప్పైమందిదాకా ఉంటారు. వాళ్ల హాజరు పుస్తకంలో ఇన్నాళ్లూ రెండే అక్షరాలు: ‘హా’ అంటే హాజరు, ‘నా’ అంటే నాగా. జ్వరం వచ్చినా నాగాయే, పెళ్లయినా నాగాయే, పురుడొచ్చినా నాగాయే. నాగా అంటే ఆ రోజు కూలి లేదు. సెలవు అనే మాట ఆ పుస్తకానికి తెలియదు.

అలాగని మా షావుకారుగారు చెడ్డవారు కారు. ఆడపిల్ల పెళ్లంటే చీర పెట్టి పంపుతారు. ఆసుపత్రి అంటే జేబులోంచి తీసి ఇస్తారు. కాని ఆ ఇవ్వడం అందరికీ ఒక్కలా జరగదు. ఎదురుగా నిలబడి నోరు విప్పి అడగగలిగినవాడికి దొరుకుతుంది. తలుపు పక్కన నిలబడి కొంగు నులుముకునే మనిషికి ‘నా’ పడుతుంది. దయలో ఉన్న చిక్కే అది. అది కనిపించినవాళ్ల మీదే కురుస్తుంది.

2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. పాత చట్టాలు ఇరవై తొమ్మిదింటిని కలిపి నాలుగు చేశారు. ఆ తరువాత ఒకరోజు ఆడిటరుగారు వచ్చి, “మీ మిల్లుకి సెలవుల నిబంధనలు రాతలో ఉన్నాయా?” అని అడిగారు. “రాత ఎందుకండీ, నా నోటిమాట ఉందిగా” అన్నారు షావుకారుగారు. ఆడిటరుగారు నవ్వి ఊరుకోలేదు. అంచేత షావుకారుగారు నావైపు తిరిగి, “నువ్వే ఏదో రాసి పెట్టవయ్యా, చట్టానికి తేడా రాకూడదు, మనకి తలనొప్పి రాకూడదు” అన్నారు.

రాసేముందు ఈ సెలవులు ఎక్కడినుంచి వచ్చాయో చూడాలనిపించింది. మనం ఆకాశంలోంచి ఊడిపడిందనుకునే ఆదివారం కూడా ఒకరు అడిగితే వచ్చిందే. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన బట్టల మిల్లు కూలీలను కూడగట్టి, అడగగా అడగగా, 1890లో అక్కడి మిల్లులకు వారానికొక సెలవు సాధించారు. కూలి డబ్బులతో కూడిన సాలుసరి సెలవు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1936లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏడాదికి కనీసం ఆరు పనిరోజులు ఇవ్వాలని తీర్మానించింది. అదే ఏడు ఫ్రాన్సువారు తమ పనివాళ్లకు రెండు వారాలు ఇచ్చారు. మన దేశంలో 1945లో, అంబేద్కరుగారు వైస్రాయి కౌన్సిలులో కార్మికశాఖ చూస్తున్న రోజుల్లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి పది రోజులు పెట్టారు. తరువాత 1948 చట్టం, పనిచేసిన ప్రతి ఇరవై రోజులకూ ఒకరోజు చొప్పున లెక్క కట్టింది.

ఆ లెక్క బాగానే ఉంది కాని, దాని గుమ్మం ఎత్తు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికే అది దక్కేది. మా మిల్లు సంగతి మీకు తెలియందేముంది? సార్వా ధాన్యం వచ్చినప్పుడూ దాళ్వా ధాన్యం వచ్చినప్పుడూ రాత్రింబవళ్లు ఆడుతుంది. వానాకాలంలో గోడకి చేరబడి కునుకు తీస్తుంది. పాత పుస్తకాలు తిరగేశాను. కళ్లంలో పనిచేసే ఒకావిడకు 211 రోజులు. కాటా కుర్రాడికి 226. మిల్లు పిలిచిన ప్రతిరోజూ వచ్చినవాళ్లే ఇద్దరూ. అయినా గుమ్మం దాటలేకపోయారు.

కొత్త స్మృతిలో ఆ గుమ్మం 180 రోజులకు దిగింది. కుర్రాడి 226ని ఇరవైతో భాగిస్తే పదకొండు, పైన కొంచెం చిల్లర. సగంకంటే తక్కువ గనక చిల్లర పోతుంది. ఆవిడ 211కి పదిన్నర దాటింది. సగం మించితే ఒక రోజుగా లెక్క. ఇద్దరికీ పదకొండేసి రోజులు. కాగితం మీద ఆ రెండు పదకొండులూ పక్కపక్కన చూసుకుంటే నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను. మధ్యలో ఆదివారమో పండుగో వస్తే అది ఈ పదకొండులోకి రాదు. వాడుకోనిది ముప్పై రోజులదాకా మరుసటేడుకి చేరుతుంది. కావాలంటే ఏడాది చివర డబ్బుగానూ పుచ్చుకోవచ్చు.

చిత్తుప్రతి పట్టుకెళ్లి చదివాను. షావుకారుగారి మొదటి ప్రశ్న చట్టం గురించి కాదు, తీర్థం గురించి.

“ఫాల్గుణంలో స్వామివారి కల్యాణం, తీర్థం. మిల్లు నిండా ధాన్యం. ఆ వారం ముప్పైమందీ నా హక్కంటే నా హక్కని చీటీలిస్తే మిల్లు నువ్వు ఆడిస్తావా?”

న్యాయమైన ప్రశ్నే. కోరుకొండలో పుట్టి నరసింహస్వామి రథం చూడనివాడెవడు? ఆడవాళ్లకి పుట్టింటివాళ్లు వస్తారు, మగవాళ్లకి అల్లుళ్లు వస్తారు. ఇన్నాళ్లూ ముందు అడిగినవాడు కొండకి వెళ్లేవాడు, అడగలేనివాడు మిల్లులోంచి మేళం వినేవాడు. అందుకని రెండు పట్టీలు రాశాం. ఈ ఏడు ఒక పట్టీ వాళ్లకి తీర్థం, రెండో పట్టీ వాళ్లకి వచ్చే ఏడు. ఎవరిది ఏ పట్టీయో చీట్లు తీసి తేల్చాం. తీయించింది షావుకారుగారి చేతనే. ఆయనకి అది నచ్చింది. “అమ్మయ్య, ఇహ నన్నెవడూ మొహమాటపెట్టడు” అన్నారు. రాత వల్ల ఇచ్చేవాడికీ సుఖం ఉందని నాకు అప్పుడు తోచింది.

రెండో తగువు పురుడు దగ్గర వచ్చింది. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు ఇరవై ఆరు వారాలు చేశారు. కొత్త స్మృతిలోనూ అంతే. కాన్పుకి ముందరి పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉంటే చాలు.

“ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి కూలి ఇవ్వమంటావా!” అన్నారు షావుకారుగారు.

“ఇ.ఎస్.ఐ.లో ఉన్నవాళ్లకి ఆ డబ్బు కార్పొరేషను ఇస్తుందండి. లేనివాళ్లకి మనం ఇవ్వాలి. అది మన ఇష్టాయిష్టాల్లో లేదు. కాని అసలు సంగతి ఆ తరువాతి వాక్యంలో ఉందండి” అని ఇంకో ముక్క చదివాను. ఆ ఇరవై ఆరు వారాలూ 180 రోజుల లెక్కలో పనిచేసినట్టే జమ. అనగా బాలింత మంచంమీద ఉన్నా, ఆ గుమ్మం దగ్గర ఆమె మిల్లులో ఉన్నట్టే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా కళ్లంలో ఒకావిడ ఉంది. పాతికేళ్లుగా పనిచేస్తోంది. రెండు కాన్పులకీ ఏడోనెలలో మానేసి, బిడ్డకి మెడ నిలబడ్డాక తిరిగివచ్చింది. వచ్చిన రెండుసార్లూ ఆమె పేరు పుస్తకం అడుగున కొత్త మనిషిగా ఎక్కింది. కూలి కూడా కొత్త మనిషి కూలే. అది షావుకారుగారికీ తెలుసు, నాకూ తెలుసు. “రాయి” అన్నారు చివరికి. “చట్టంలో ఎలా ఉంటే అలా రాయి.”

చట్టంలో లేనివి మూడు చేర్చాం. ఒకటి, సొంత సెలవుకి కారణం చెప్పనక్కరలేదు. పదిరోజుల ముందు చీటీ ఇస్తే చాలు. జబ్బుకైతే ఆ మాటా లేదు, కబురు చాలు. రెండు, సెలవు కాదనాలంటే ఆ సంగతి రెండు రోజుల్లో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నోటితో కాదనడం ఎంత తేలికో, రాసి కాదనడం అంత కష్టం. మూడు, ఎవరికి ఎన్ని రోజులు మిగిలాయో నెలనెలా కూలి చీటీలోనే ఉంటుంది. తన సొమ్మెంతో తెలియనివాడు దాన్ని అడగలేడు కదా.

గోడకి అంటించిన రోజున సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. అంతా లేచాక కళ్లం ఆవిడ ఆగింది.

“ఆ పురుటి ముక్క మళ్లీ ఓసారి చదవండి బాబుగారూ.”

చదివాను.

“అయితే ఇంటికాడ పడుకున్నా పుస్తకంలో ఇక్కడున్నట్టేనాండి?”

“ఆ లెక్కకి అంతేనమ్మా. కొత్త మనిషిగా రాయడం కూడా ఇహ లేదు.”

“మా కోడలికి అయిదో నెలండి. నాకు రెండుసార్లు పోయింది. దానికి పోదుగా?”

“పోదు” అన్నాను. ఆవిడ ఆ కాగితంకేసి చూసింది. చదువురాదు. అయినా ఆ ముక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. మరునాడు కోడల్ని తీసుకొచ్చి తనే చూపించుకుంది.

మీలో దుకాణాలూ, చిన్న ఆఫీసులూ నడిపేవారు ఉంటారు. మాది ఫ్యాక్టరీ కాదుగా అనుకోకండి. మీకు 1988 నాటి రాష్ట్ర దుకాణాల చట్టం వేరే ఉంది. మీ గుమాస్తా చేత ఒకసారి చదివించుకోండి. అతను సంతోషంగా చదువుతాడని నేను హామీ ఇస్తాను.

మా డ్రైవరు మాత్రం సెలవులన్నీ డబ్బు చేసుకుంటానన్నాడు. చట్టం ఒప్పుకున్నదాన్ని నేను కాదనలేను. కాని ముప్పై ఏళ్లుగా దుమ్ము పీల్చిన మనిషి. నాలుగు రోజులైనా కూతురి దగ్గరకి వెళ్లిరమ్మని బతిమాలి పంపాను. రెండోరోజు పొద్దున్న ఏడింటికల్లా మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడంతా నిశ్శబ్దమట, నిద్రపట్టలేదట. బెల్టు చప్పుడు ఏదో తేడాగా ఉంది, లోపలికెళ్లి చూస్తానన్నాడు.

షావుకారుగారు గదిలోంచి కేకేశారు: “సెలవులో ఉన్నవాడికి ఇక్కడేం పనిరా! ఇంకా రెండు రోజులున్నాయి నీకు. పో, మనవడితో ఆడుకో. బెల్టు సంగతి మేం చూసుకుంటాం.”