పూస కట్టడమే పనితనం

బ్యాక్టీరియాని పెంచడం ఎవరైనా నేర్చుకుంటారు. దాన్ని పూసలో బంధించి పదేపదే పని చేయించుకోవడం దగ్గరే చెయ్యి తేలిపోతుంది.

చూసుకో. పెంచిన కణాల్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన ముద్దని సెలైన్‌తో కడుగు. సోడియం ఆల్జినేట్‌లో కలుపు. అది సముద్రపు నాచు నుంచి తీసే బంక. సిరంజితో చుక్కచుక్కగా కాల్షియం క్లోరైడ్‌లోకి వదిలితే పడ్డచోటే గడ్డకట్టి, ఉడికిన సగ్గుబియ్యంలా నిలుస్తుంది. కణాలు లోపలే చిక్కుకుంటాయి, చక్కెర లోపలికెళ్తుంది, కణాలు తయారుచేసే మందు బయటికొస్తుంది. బ్యాచ్ అయ్యాక వడగట్టి, కడిగి, మళ్లీ వెయ్యడమే.

వినడానికి ఇంతే! ఆల్జినేట్‌ని నీళ్లలో ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. తిరుగుతున్న నీళ్లలో చిటికెడు చిటికెడు చల్లాలి. ఆటోక్లేవ్‌లో ఎక్కువసేపు ఉంచితే పలచబడుతుంది. పూస పెద్దదైతే నడిమధ్యకి ఆక్సిజన్ చేరదు. సూది మరీ ఎత్తున ఉంటే పూస చప్పిడవుతుంది, మరీ దగ్గరైతే తోకొస్తుంది. ఆ ఎత్తు నాకు చూపించింది మా ల్యాబ్ అటెండర్. మా వీధివాడే, డిగ్రీ లేదు. “సూదిని చూడకమ్మా, పడేచోటు చూడు” అనేవాడు. ఆ మాటతోనే నా పూసలు గుండ్రమయ్యాయి.

కొత్తగా చేరిన కుర్రాడొకడు పూసల్ని ఫాస్ఫేట్ బఫర్‌లో ఉంచి ఇంటికెళ్లాడు. తెల్లారేసరికి ఫ్లాస్కులో జావ. “రాత్రి బాగానే ఉన్నాయి మేడమ్, ఏటయింది?” అన్నాడు. ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసుకుంటుంది మరి. సిట్రేటూ అంతే చేస్తుంది, కాకపోతే దాన్ని మేం పనికి వాడుకుంటాం: పూసని సిట్రేట్‌లో కరిగించి లోపలి కణాల్ని లెక్కపెడతాం.

ఇదంతా పరదేశీ విద్యనుకోకు. జపాన్‌లో తనాబే కంపెనీ 1973లోనే బంధించిన ఇ.కోలై కణాలతో ఆస్పార్టిక్ ఆమ్లం తయారుచేసిన మాట నిజమే. కానీ మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. ఎల్లయ్య బృందం ఆల్జినేట్ పూసల్లో బంధించిన స్ట్రెప్టోమైసిస్ మరినెన్సిస్‌తో నియోమైసిన్ తీసి, 2003లో పరిశోధనా పత్రం వేసింది. ఆల్జినేట్ శాతం, కాల్షియం మోతాదు, నానబెట్టే సమయం ఒక్కొక్కటే మార్చి చూశారు. ఆ ఓపికే చదివి నేర్చుకోవాల్సింది.

ప్రతి బ్యాచ్‌కీ దిగుబడి, పూసల బరువు రెండూ నోట్‌బుక్‌లో రాయి. ద్రవం మసకబారితే కణాలు బయటికి కారుతున్నట్టే. దిగుబడి సగానికి పడిందా, మొహమాటపడకు, పారెయ్యి. ఆటోక్లేవ్ చేశాకే సుమా.