నల్లని కేకు మీద తెల్లని రేకు

నలుపు మీద రంగు ఒక పట్టాన నిలవదన్న సంగతి, పెళ్ళిచూపులనాడు మొహానికి పౌడరు దట్టించుకున్న మాలాంటి చామనచాయ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే నేనిప్పుడు చెప్పబోయేది మొహాల సంగతి కాదు లెండి, కేకుల సంగతి. ముదురు చాక్లెట్ పూత పూసిన కేకు మీద చేత్తో రంగులు వేసిన పువ్వులు - అవీ తినేవే సుమా - అతికించడం గురించి. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ వంటింటి గొడవ?" అంటారేమో. మా చెల్లెలు ఆ పని మీదే బతుకుతోంది మరి!

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగు టీచరుగా చేసేదది. 2020లో బళ్ళు మూతబడ్డప్పుడు లెక్కలూ సైన్సూ ఫోన్లలో చెప్పించారు గానీ, బొమ్మలు గీయకపోతే పిల్లలకొచ్చే నష్టమేమిటని దాన్ని ఇంటికి పంపేశారు. ఏడుస్తూ కూర్చునే రకం కాదది. రెండు గాజులమ్మి ఓవెన్ కొంది.

చాక్లెట్ కేకు ఎవరైనా చేస్తారు. దాని మీద బొమ్మే అసలు చిక్కు. తిండిలో వేసే రంగులు చాలావరకు పల్చటి గాజులాంటివి, వెనకున్నది కనబడిపోతుంది. నల్లటి పూత మీద ఎంత పసుపు రాసినా రాసినట్టే ఉండదు. పోనీ ముందు తెల్లరంగు పూద్దామా అంటే, ఆ పొడుల్లో మామూలుగా ఉండే టైటానియం డయాక్సైడ్‌ని తినే వస్తువుల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. "వాళ్ళు వద్దన్నది మన పిల్లలకి నేనెందుకు పెట్టాలక్కా?" అని చెల్లెలు మానేసింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పువ్వుని కేకు మీద కాకుండా విడిగా తెల్లటి పంచదార రేకు మీద వేసి, ఆరాక తెచ్చి అతికించడం. ఐసింగు పంచదారలో కాస్త సి.ఎం.సి. పౌడరు అనే జిగురుపొడి కలిపి, చపాతీ పిండిలా మర్దించి, అప్పడం కన్నా పల్చగా ఒత్తి, పువ్వుల్లా కోసి ఆరబెడుతుంది. నీటిరంగులు వేసేవాళ్ళు కాగితం తెలుపునే వెలుగుగా వాడుకుంటారు చూడండి, ఇక్కడ పంచదారే ఆ కాగితం. కళ్ళాపి చల్లిన నేల మీద ముగ్గు ఎంత వెలుగుతుందో ఎరిగినవాళ్ళకి, నల్లకేకు మీద ఆ రేకు ఎలా ఉంటుందో వర్ణించక్కర్లేదు.

రంగు కలపడానికి నీళ్ళు పనికిరావు, పంచదార కరుగుతుంది. ఇట్టే ఆరిపోయేదేదైనా కావాలి. అంటే... వోడ్కా! మా మరిది జన్మలో బ్రాందీషాపు గడప తొక్కని మనిషి. పేపర్లో చుట్టిన సీసా చంకన పెట్టుకొస్తుంటే వీధి వీధంతా చూసిందట. "ఇదేమిటండీ అల్లుడుగారూ?" అని అమ్మ బిత్తరపోతే, "మీ అమ్మాయికే అత్తయ్యగారూ" అన్నాడట పాపం.

సముద్రపు గాలి కొట్టే ఊళ్ళో రేకులు ఆరడం ఒక యజ్ఞం. అతికించాక ఇంకో బాధ. పూతలోని తడి కిందనుంచి పాకుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకి మనకి మల్లేనే చెమట పడుతుంది, ఆ బొట్లకి రంగులు కారతాయి. ఒకసారి బంగాళాదుంప పిండితో చేసిన తినే కాగితం మీద సీతాకోకచిలకలు వేసింది. రాత్రి రెండింటిదాకా కూర్చుని వేసినవి. పెట్టిన గంటలో అన్నీ రెక్కలు ముడుచుకుని కూలబడ్డాయి. చెల్లెలు ఒక్క మాటా మాట్లాడలేదు. దాని మొహం చూడలేక నేను కిటికీలోంచి చూస్తూ నుంచున్నాను.

అప్పుడొచ్చింది అమ్మ. అమ్మ పుట్టిల్లు ఆత్రేయపురం దగ్గర. పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివేదాకా అందులో అంత ఘనత ఉందని ఆవిడకి తెలీదు గానీ, బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి రేకు తీయడం చిన్నప్పటినుంచీ ఆవిడకి అలవాటైన పని.

"రేకుకి తడి తగిలితే ఊరుకుంటుందిటే? మడత పడ్డానికి మేమూ తడిగుడ్డ అద్దుతాం. వెంటనే నెయ్యి రాయమూ? దీని వెనక నెయ్యేదీ?" అంది.

కేకుకి నెయ్యి వాసనేమిటని, చెల్లెలు తెల్ల చాక్లెట్ కరిగించి రేకుల వెనక పల్చగా పూసింది. కొవ్వు పేరుకుంటే తడి అంత సులువుగా దాటలేదు మరి. నీళ్ళూరే క్రీము నురుగు కూడా మానేసి, చాక్లెట్టూ మీగడా కలిపి కరిగించే గనాష్ పూత మొదలెట్టింది. అది గట్టిపడ్డాక, కేకు గడప దాటబోయే ముందు, కనుబొమలు దిద్దుకునే ప్లకరుతో (కొత్తదే లెండి) ఒక్కొక్క రేకూ ఊపిరి బిగబట్టి పెడుతుంది. నల్లమరక తెల్లరేకుకి అంటిందా, ఇక తుడవకూడదు, తుడిచినకొద్దీ పాకుతుంది. దాని మీద ఓ ఆకు కప్పెయ్యడమే. ఆకులందించడం నా ఉద్యోగం.

మొన్నామధ్య ఒక షష్టిపూర్తి కేకు. "శుభమా అని నల్లదేమిటే?" అని అమ్మ సణుగుడు. అమెరికాలో ఉన్న కొడుకు, నాన్నగారి పెరట్లోని శంఖుపువ్వూ, మందారం, సన్నజాజీ కేకు మీద ఉండాలని ఫోటోలు పంపాడు. పైన బంగారు పొడి చల్లాలని కూడా అన్నాడు. ఇక్కడే పేచీ వచ్చింది. దొరికిన డబ్బా మీద 'నాన్ టాక్సిక్' అని ఉందే గానీ తినొచ్చని లేదు. రెండూ ఒకటి కావు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో అలాంటి మెరుపుపొడి పూసిన పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలు జబ్బుపడ్డారు. పరీక్షిస్తే ఆ పొడిలో ఉన్నది రాగి!

"మెరుపు వెయ్యనండి. తప్పదంటే ఆర్డరు ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అని రాసేసింది చెల్లెలు. ఆరువేల రూపాయల ఆర్డరు. పిల్లాడి ఫీజు కట్టాల్సిన నెల. నేనైతే అంత గట్టిగా రాసేదాన్ని కాదేమో. ఆ రాత్రి జవాబు రాలేదు. మా మరిది రెండుసార్లు లేచి ఫోను చూశాడు. తెల్లవారి ఏడింటికి, "మీరన్నట్టే కానివ్వండి" అని వచ్చింది. దాని వెనకే, "అచ్చువేసిన బొమ్మయితే సగానికే వస్తుందట కదా?" అని ఇంకోటి. దానికి చెల్లెలు జవాబివ్వలేదు, మందారం మీద రెండో పూత వేసుకుంటోంది.

వారం తిరక్కుండా ఆ ఇంటావిడ ఫోన్ చేశారు. శంఖుపువ్వుని ఆయన ఎవర్నీ తిననివ్వలేదట. అద్దాల బీరువాలో పెట్టించారట. "ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగారు.

"బాగా ఎండిందే కదండీ, తడి తగలకపోతే ఏళ్ళ తరబడి ఉంటుంది" అంది చెల్లెలు.

"బీరువాలో ఒట్టినే పెడితే చీమలు బతకనిస్తాయా?" అని పక్కగదిలోంచి కేకేసింది అమ్మ. "మూతున్న సీసాలో పెట్టి, అడుగున గుప్పెడు బియ్యం పొయ్యమనవే!"