చిక్కడపల్లిలో లక్షేళ్ల ప్రశ్న

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు పొద్దున్నే నడిస్తే భుజాన బ్యాగులతో కుర్రాళ్లు కనిపిస్తారు. నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలని వాళ్ల తొందర. కాస్త ముందుకెళితే అశోక్‌నగర్. గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ బోర్డులు, జిరాక్స్ షాపులు, టీ బడ్డీలు...

అలాంటి ఓ బడ్డీ దగ్గర ఇద్దరి వాదన చెవిన పడింది.

'అణు వ్యర్థాల్ని భూమి లోతుల్లో పాతిపెడితే భద్రమేనా?'

'గ్రానైట్‌లో పెడితే భయమేంట్రా? రాయి కదా!'

ఎదురు గల్లీలో బోరు లారీ రొద. జవాబు అక్కడే ఉంది!

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అంత గట్టి రాతిలో బోరుకు నీళ్లెలా పడతాయి? పగుళ్లలోంచి. అందుకే ఒకరింట్లో నీళ్లు పడితే పక్కింట్లో దుమ్మే లేస్తుంది. శాస్త్రవేత్తల బెంగా ఆ పగుళ్ల గురించే.

మనకిది పరాయి సంగతేం కాదు. రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో మన నగరంలోనే ఏర్పాటైంది. వాడేసిన ఇంధనంలోని ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24 వేల ఏళ్లు పడుతుంది. 1591 నాటి చార్మినార్‌కు ఇంకా నాలుగున్నర వందల ఏళ్లయినా నిండలేదు! మన దేశం ప్లుటోనియాన్ని వేరుచేసి మళ్లీ వాడుకుంటుంది. మిగిలిన తీవ్ర వ్యర్థాల్ని గాజులో కలిపి గడ్డకట్టిస్తుంది. వాటిని శాశ్వతంగా పాతిపెట్టే చోటు మాత్రం ఇంకా లేదు. 1980లలో కోలార్ బంగారు గనిలో, సుమారు కిలోమీటరు లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఏమవుతుందో పరీక్షించారు.

ఫిన్లాండ్ 400 మీటర్లకు పైగా లోతున ఓంకాలో సొరంగాలు తవ్వింది. వ్యర్థాలకు రాగి డబ్బాలు, వాటి చుట్టూ బెంటోనైట్ మట్టి. వానకు నల్లరేగడి ఉబ్బినట్టే ఇదీ తడిస్తే ఉబ్బి, సందులు మూసేస్తుంది.

మరి లక్షేళ్ల పరీక్షకు ఇప్పుడే మార్కులెలా వేస్తారు? డబ్బా తుప్పుపడితే, భూమి కంపిస్తే, మంచుయుగం వస్తే... ఒక్కో ఆపదకూ లెక్క కడతారు. విషం నీటిలో కలిసి పైకి రావడానికి ఎన్నేళ్లు, వచ్చేసరికి ఎంత మిగులుతుంది అని చూస్తారు. ప్రకృతి సాక్ష్యమూ ఉంది. ఆఫ్రికాలోని ఓక్లోలో దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం దానంతటదే రియాక్టర్‌లా పనిచేసింది. అందులో పుట్టిన ప్లుటోనియం పుట్టిన చోటు దాటి పెద్దగా కదల్లేదని 1970లలో తేలింది. అలాగని ప్రతి రాయీ ఓక్లో కాదు. జర్మనీలో ఆసే ఉప్పుగనిలో వ్యర్థాలు దాచాక నీళ్లు చొరబడ్డాయి.

అంటే 'రాయి గట్టిదేనా' అన్నది సగం ప్రశ్నే. 'నీటికి దారుందా' అన్నది అసలు ప్రశ్న.

ఇంతలో గల్లీలో కేకలు. బోరులో నీళ్లు పడ్డాయి! వాదన ఆపి కుర్రాళ్లిద్దరూ అటే చూశారు.